దీవిలో ఒక పగలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

చలికాలపు సెలవులు దగ్గరపడుతున్న ఈ రోజుల్లో విశాఖపట్నం నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి మాకు అందిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే కోరికను వ్యక్తం చేస్తున్నాయి. పడవ మీద తీరం వెంబడి కొంతదూరం వెళ్లి, ఏదైనా దీవిలో దిగి, గుడారం వేసుకొని, పిల్లాపాపలతో ఒక పగలు గడిపి రావాలన్నది ఆ కోరిక. ఎలా వెళ్లాలో చాలామంది అడిగారు గాని, ఎన్ని గంటలకు తిరుగు పడవ ఎక్కాలో అడిగినవారు తక్కువ. నా దృష్టిలో ముందుగా తేల్చుకోవలసింది ఆ తిరుగు వేళనే, ఎందుకంటే మన తీరంలో సముద్రం ఉదయం ఇచ్చిన దారిని మధ్యాహ్నం దాకా అలాగే ఉంచదు. కింది సమాధానాలన్నీ ఆ దృష్టితో రాసినవే.

ప్రశ్న: మధురవాడలో పక్కపక్కనే ఉంటున్న మూడు కుటుంబాల వాళ్లం కలిసి పదకొండు మందిమి ఉన్నాం. విశాఖలోనే పడవ ఎక్కి, దగ్గరలోని ఒక దీవికి వెళ్లి, సాయంత్రానికి ఇంటికి చేరాలని అనుకుంటున్నాం. ఏ దీవికి వెళితే బాగుంటుంది?

జవాబు: విశాఖ నగర తీరానికి ఎదురుగా పర్యాటకులు దిగి రోజంతా గడపడానికి వీలైన దీవి లేదన్న విషయాన్ని మొదటే చెప్పడం మంచిది. డాల్ఫిన్ నోస్ సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన కొండకొమ్మే గాని చుట్టూ నీరున్న దీవి కాదు; మంగమారిపేట దగ్గరి సహజ శిలాతోరణం నేలను ఆనుకొని ఉన్నదే. ఓడరేవు ముఖద్వారం పరిసరాల్లో పెద్ద ఓడల రాకపోకలుంటాయి. తూర్పు నౌకాదళానికి ఇది ప్రధాన స్థావరం కూడా కావడం వల్ల, ఆ నీటిలో విహార పడవలు తమ ఇష్టం వచ్చినట్లు తిరగడానికి వీలుండదు. కాబట్టి ‘దీవికి తీసుకెళతాం’ అని నగరంలో ఎవరైనా చెబితే, ఆ దీవి పేరేమిటో, అక్కడ దిగడానికి ఏ శాఖ అనుమతి ఉన్నదో తప్పకుండా అడగండి.

ఒకే రోజులో ఇంటికి తిరిగి రావడం మీకు ముఖ్యమైతే, ఉదయం రుషికొండలో అనుమతి ఉన్న పడవ మీద విహరించి, ఆ తర్వాత భీమిలి దారిలో తీరాన ఏదైనా నీడ పట్టున విడిది చేయడం మేలు. ఆ దారిలో తొట్లకొండ బౌద్ధ క్షేత్రం, ఎర్రమట్టి దిబ్బలు, చివరన గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఉన్నాయి. పడవ, తీరం, విడిది మూడూ ఒకే పగటిలో ఇముడుతాయి. దీవి ఒక్కటే ఉండదు. ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తింపు పొందిన చోటు గనుక అక్కడ గుడారం మేకు దిగగొట్టడం గాని, దిబ్బల మీద పిల్లలను జారనివ్వడం గాని చేయవద్దు.

దీవే కావాలనుకుంటే మనకు దగ్గరలో ఉన్నది కాకినాడ ఎదుటి హోప్ ఐలండ్. గోదావరి మోసుకొచ్చిన ఇసుకను, ఒండ్రును కెరటాలు, తీర ప్రవాహాలు ఉత్తరంగా నెట్టుకుపోవడం వల్ల గడచిన రెండు శతాబ్దాల కాలంలో ఏర్పడిన ఇసుక దిబ్బ అది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు ఉన్నా వెడల్పు చాలా తక్కువ. బంగాళాఖాతపు కెరటాలు నేరుగా వచ్చి తగలకుండా ఈ దిబ్బ అడ్డు నిలవడం వల్లనే దాని వెనుక ఉన్న కాకినాడ అఖాతం ప్రశాంతంగా, అలలు తక్కువగా ఉంటుంది. దీనికి దక్షిణాన కోరింగ మడ అడవులు ఉన్నాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ 235 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో నీటి కుక్కలు, బావురు పిల్లులు నివసిస్తాయి. విశాఖ నుంచి కాకినాడకు దాదాపు 150 కిలోమీటర్లు ఉంటుంది. రైలులో సామర్లకోట మీదుగా గాని, రోడ్డు మీద కత్తిపూడి దగ్గర మలుపు తిరిగి పిఠాపురం మీదుగా గాని చేరవచ్చు. పదకొండు మందిలో పిల్లలూ పెద్దలూ ఉంటే, తెల్లవారుజామున ఇల్లు వదిలి నిద్ర కళ్లతో పడవ ఎక్కడం కంటే, ముందు రోజు సాయంత్రమే కాకినాడ చేరి అక్కడ బస చేయడం మేలని నా గట్టి అభిప్రాయం.

రెండో దారి ఒడిశాలోని చిలికా సరస్సు. మనవాళ్లు హౌరా రైలు కిటికీలోంచి చూసి దాటిపోయే సరస్సే అది. విశాఖ నుంచి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న రంభ, బర్కుల్ రేవుల నుంచి పడవలు నడుస్తాయి. కొండ దీవి మీద కాళీజాయి అమ్మవారి గుడి ఉంది. సాతపడా వైపు ఇరావతి డాల్ఫిన్లు కనిపిస్తాయి. 1981లో మన దేశం నుంచి మొట్టమొదటగా అంతర్జాతీయ రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరిన చోట్లలో చిలికా ఒకటి. అక్కడి నలబణ దీవి వలస పక్షుల అభయారణ్యం గనుక దాని మీద దిగనివ్వరు. పడవలో కూర్చొని దూరం నుంచి చూసి రావడమే. లోతు తక్కువ, సముద్రపు కెరటాలు ఉండవు గనుక పడవంటే భయపడే వారికి చిలికా సులువు. అయితే అది రెండు రోజుల ప్రయాణం.

ప్రశ్న: మేము గాజువాక వాళ్లం. హోప్ ఐలండ్‌కు వెళ్లాలని నిశ్చయించుకున్నాం. ఏ నెలలో, ఏ తేదీన వెళ్లాలి? సెలవు రోజు దొరికితే చాలదా?

జవాబు: సెలవు రోజు ఒక్కటే చూసుకుంటే చాలదు. మూడు విషయాలు కలిసి రావాలి: కాలం, తిథి, గంట.

కాలం సంగతి మనకు తెలిసినదే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలు తుఫాన్లవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన నగరాన్నే నేరుగా తాకిన సంగతి విశాఖలో ఎవరూ మరచిపోలేదు. డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఉదయపు సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. మార్చి దాటితే ఎండ పెరిగిన కొద్దీ మధ్యాహ్నపు సముద్రపు గాలి కూడా పెరిగి, పదకొండు గంటల తర్వాత పడవ ప్రయాణం కుదుపులతో సాగుతుంది. అందువల్ల జనవరి, ఫిబ్రవరి నెలలు కుటుంబాలకు అనువైనవి.

తిథి గురించి కాస్త వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ప్రయాణాలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. మన తీరంలో రోజుకు రెండు సార్లు నీరు పెరిగే పోటు, రెండు సార్లు నీరు తగ్గే ఆటు వస్తాయి. అమావాస్యకు, పౌర్ణమికి, వాటి మరుసటి ఒకటి రెండు రోజులకు సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేయడం వల్ల పోటుకూ ఆటుకూ మధ్య నీటి మట్టంలో తేడా ఎక్కువగా, విశాఖ దగ్గర సుమారు ఒకటిన్నర మీటర్ల దాకా, ఉంటుంది. అష్టమి ప్రాంతంలో ఆ ఆకర్షణలు ఒకదానికొకటి అడ్డంగా పడి తేడా అందులో సగం కన్నా తగ్గిపోతుంది. లోతైన నీటిలో ఒకటిన్నర మీటర్లు పెద్ద లెక్క కాదు. కాకినాడ అఖాతం మాత్రం చాలా చోట్ల లోతు తక్కువ, అడుగున బురద. మడ అడవుల పాయల్లోనైతే మరీ తక్కువ. పౌర్ణమి నాడు పోటు మీద హాయిగా వెళ్లిన పడవ, ఆటు వేళకు అదే దారిలో బురదలో కూరుకుపోయి, మళ్లీ నీరు పెరిగే దాకా గంటల తరబడి నిలిచిపోవచ్చు. ఇంట్లో క్యాలెండరు ఉంటే సప్తమి నుంచి దశమి వరకు పడే రోజుల్లో సెలవు ఏదైనా ఉన్నదేమో చూడండి. అప్పుడు నీరు మరీ పెరగదు, మరీ తీయదు.

ఇక గంట. పోటు వేళ ప్రతి రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ ఆదివారం ఉదయం తొమ్మిదింటికి పోటు ఉంటే, వచ్చే ఆదివారం అది మధ్యాహ్నం మూడింటికి దగ్గరగా వస్తుంది. అంటే వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఆటు. కిందటి వారం వెళ్లి వచ్చిన బంధువులు చెప్పిన వేళలు మీకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఆటుపోట్ల పట్టికలను ప్రచురిస్తుంది. హైదరాబాదులో సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థ తన వెబ్‌సైటులో కెరటాల ఎత్తు, గాలి, ఆటుపోట్ల సూచనలు ఇస్తుంది. వాటిని చూసి, ముందుగా దీవి నుంచి బయలుదేరే గంటను రాసుకోండి. ఆ గంటకు నీరు ఉండాలి, గాలి మరీ పెరగకుండా ఉండాలి, వెలుతురు కనీసం రెండు గంటలు మిగిలి ఉండాలి. జనవరిలో అయిదున్నర దాటితే పొద్దు గూకుతుంది గనుక మధ్యాహ్నం మూడున్నరకల్లా పడవలో కూర్చోవాలి. ఈ మూడు షరతులకూ నప్పే రోజు దొరికిన తర్వాతనే వెళ్లే గంటను నిర్ణయించుకోండి.

ప్రశ్న: మాకు బాగా తెలిసిన మత్స్యకారుడు తన ఫైబరు పడవలో తీసుకెళతానని, టూరిస్టు పడవకయ్యే ఖర్చులో సగం ఇస్తే చాలునని అంటున్నాడు. అతను ఇరవై ఏళ్లుగా సముద్రం మీద బతుకుతున్నవాడు. వెళ్లవచ్చా? (పెదగంట్యాడ)

జవాబు: వెళ్లవద్దని చెబుతున్నాను. అతని నేర్పు మీద నాకు ఏ సందేహమూ లేదు. గాలి తిరగడాన్ని, నీటి రంగు మారడాన్ని మనకంటే ముందు పసిగట్టగలిగిన వాళ్లు మన జాలరిపేటల్లోనే ఉన్నారు. చిక్కంతా పడవతోనే. చేపల వేటకు రిజిస్టరైన పడవలో ప్రయాణికులను ఎక్కించుకోవడానికి అనుమతి ఉండదు, అందువల్ల ప్రమాదం జరిగితే బీమా వర్తించడం కష్టమవుతుంది. ఆ పడవ వలలు, మంచు పెట్టెలు, నేర్చిన నలుగురు మనుషుల బరువుకు తగ్గట్టు కట్టినది. అందులో పదిమంది కొత్తవాళ్లు కూర్చొని, డాల్ఫిన్ కనబడిందనగానే అందరూ ఒకే పక్కకు లేచి వస్తే బరువు ఒక్కసారిగా ఒరిగిపోతుంది. కూలబడ్డవారికి పట్టుకోవడానికి కమ్ములు ఉండవు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర విహార పడవ మునిగి సుమారు యాభై మంది చనిపోయారు. వరద నీటిలో జరిగిన ఆ దుర్ఘటన తర్వాత రాష్ట్రంలో పడవ విహారాల పర్యవేక్షణకు కంట్రోల్ రూములు ఏర్పాటయ్యాయి. రుషికొండలో ఉన్నది వాటిలో ఒకటి. పడవ ఎక్కే ముందు మీరు చూడవలసినవి ఇవి: పడవ మీద రాసి ఉన్న ప్రయాణికుల పరిమితి, పడవ నడిపే సరంగు లైసెన్సు, ఎక్కేవారి పేర్ల జాబితా ఒడ్డున ఎవరి దగ్గరైనా ఉండటం. లైఫ్ జాకెట్ ఒడ్డు మీదనే తొడుక్కొని, బకిల్స్ బిగించి, భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడండి. గడ్డం మీదికి జారి వస్తే అది మీ కొలత కాదు. పిల్లలకు పిల్లల జాకెట్లే కావాలి. పెద్దవాళ్ల జాకెట్ తొడిగిన అయిదేళ్ల బిడ్డ నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలి, బిడ్డ కిందికి జారిపోతుంది. కొలతకు సరిపడేవి లేవని చెబితే ఆ రోజు ప్రయాణం మానుకోండి.

ఇక మీ మత్స్యకారుడి విషయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నప్పుడు రాబడి లేక ఇటువంటి కిరాయిలకు ఒప్పుకొనే కుటుంబాలు ఉంటాయి, వారి ఇబ్బంది నిజమైనది. అతనికి సాయపడాలనుకుంటే అనుమతి ఉన్న పడవ మీదనే మీతో పాటు దారి తెలిసిన మనిషిగా తీసుకెళ్లి, రోజు కూలి మర్యాదగా ఇవ్వండి. అటువంటి మనిషి వెంట ఉండటం వల్ల మీ పిల్లలు నేర్చుకొనేది కూడా ఎక్కువే.

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్లు. బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. మనవలతో పాటు తానూ వస్తానని పట్టుబడుతున్నారు. తీసుకెళ్లమంటారా? (సీతమ్మధార)

జవాబు: బీపీ అదుపులో ఉండి, డాక్టరు సరేనంటే పడవలో కూర్చోవడం వల్ల ఆమెకు ఇబ్బంది ఉండదు. కష్టమైనది దిగడం. దీవి దగ్గర జెట్టీ లేని చోట పడవ ముక్కును ఇసుకకు ఆనించి, మోకాలి లోతు నీటిలోకి దింపుతారు. పడవ అంచు నుంచి నీళ్లలోకి అడుగు వేయడం, సాయంత్రం మళ్లీ పైకి ఎక్కడం మోకాళ్ల నొప్పులున్నవారికి బాధాకరమే. ఎక్కడ దిగుతారు, మెట్ల నిచ్చెన ఉంటుందా అని పడవవారిని ముందు రోజే అడగండి. నిచ్చెన ఉంటే తీసుకెళ్లండి, చేతులు లేని తేలిక కుర్చీ ఒకటి వెంట పెట్టుకోండి, ఆమె మందులు నీళ్లు తగలని సంచిలో మీ దగ్గరే ఉంచుకోండి. నిచ్చెన లేదంటే ప్రయాణాన్ని చిలికాకు మార్చుకోవడం గురించి ఆలోచించండి. అక్కడి ప్రధాన రేవుల్లో ఎక్కడం దిగడం సులువు. మనవలతో కలిసి వెళ్లాలన్న ఆమె కోరిక న్యాయమైనది, దానికోసం చోటు మార్చుకోవడంలో తప్పు లేదు.

ప్రశ్న: పడవ ఎక్కితే నాకు వాంతులవుతాయి. నిమ్మకాయ వాసన చూస్తే సరిపోతుందా?

జవాబు: కొందరికి సరిపోతుంది, చాలామందికి సరిపోదు. బయలుదేరడానికి గంట ముందు అవోమిన్ వంటి మాత్ర వేసుకోవడం ఎక్కువ ఉపయోగం. దానివల్ల నిద్రమత్తు వస్తుంది గనుక గర్భిణులు, చిన్నపిల్లలు, ఇతర మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. ఖాళీ కడుపుతో ఎక్కవద్దు, నూనె పూరీలు తినీ ఎక్కవద్దు. రెండు ఇడ్లీలు చాలు. పడవ ముందు భాగంలో కుదుపు ఎక్కువ గనుక మధ్యలోనో, కాస్త వెనుకగానో కూర్చొని, చూపును దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీత మీద నిలపండి. ఫోను చూడటం వెంటనే తిప్పుతుంది. ఇంజను పొగ వచ్చే వైపు కూర్చోకండి.

ప్రశ్న: దీవిలో వంట చేసుకోవాలని మా ఆడవాళ్లందరికీ సరదా. ఏం తీసుకెళ్లాలి? రాత్రి చలిమంట వేసుకొని అక్కడే పడుకోవచ్చా? (అక్కయ్యపాలెం)

జవాబు: రాత్రి బస సంగతి ముందు చెబుతాను. హోప్ ఐలండ్ పరిసరాలు అటవీశాఖ పర్యవేక్షణలో ఉన్నవి; ఆ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా రాత్రి ఉండిపోవడం గాని, మంట వేయడం గాని చేయకూడదు. అందుకు పెద్ద కారణం సముద్ర తాబేళ్లు. డిసెంబరు, జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన తీరంలోని ఇసుక దిబ్బల మీదికి వచ్చి, పోటు నీరు అందని చోట గొయ్యి తవ్వి, ఒక్కొక్కటి దాదాపు వంద గుడ్లు పెట్టి, మళ్లీ ఇసుక కప్పి వెళ్లిపోతాయి. విశాఖలో ఆర్కే బీచి మొదలుకొని భీమిలి వైపు ఉన్న తీరాల్లోనూ అవి గుడ్లు పెడతాయి, అటవీశాఖ వాటిని సేకరించి సంరక్షణ కేంద్రాల్లో పొదిగిస్తుంది. గుడ్లు చిట్లడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. పొదిగే ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదా మగదా అన్నది నిర్ణయమవుతుంది. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ. గుంతలోంచి బయటికి వచ్చిన పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న వైపు పాకుతాయి, మామూలు రాత్రి ఆ వెలుతురు సముద్రం మీదిది. ఒడ్డున చలిమంటో, గుడారంలో ఎల్ఈడీ దీపమో వెలిగితే అవి సముద్రాన్ని వదిలి మన వైపు వచ్చి, తెల్లారేసరికి కుక్కలకో, కాకులకో, ఎండకో బలైపోతాయి. గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి తాబేలు కూడా వెలుతురు, అలికిడి చూసి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూలులో ఉన్న జీవులివి. వాటి గుడ్లను కదిలించడం నేరం. ప్రయాణానికి అనువైన నెలలే వాటి ప్రసవ కాలం కావడం వల్ల పగటి విడిదితో తృప్తిపడమని అడుగుతున్నాను.

వంట విషయంలో, ఇంటి దగ్గరే వండి తీసుకెళ్లడం అన్నివిధాలా మంచిది. సరుగుడు చెట్ల కింద రాలిన ఆకు ఎండు గడ్డిలా పేరుకొని ఉంటుంది, సముద్రపు గాలికి ఒక్క నిప్పు రవ్వ చాలు. పులిహోర ఈ ప్రయాణానికి పుట్టిన వంటకంలా ఉంటుంది. చింతపండు పులుపు, నూనె దాన్ని సాయంత్రం దాకా చెడిపోనివ్వవు. పెరుగన్నం తీసుకెళ్లాలంటే అన్నంలో పాలు ఎక్కువగా పోసి, కొద్దిగా తోడు వేసి తెల్లవారుజామున కలపండి, మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది. కొబ్బరి పచ్చడి వద్దు, ఎండకు త్వరగా పాడవుతుంది. ఆవకాయ, మజ్జిగ మిరపకాయలు, దోసకాయ ముక్కలు, జామకాయలు, వేరుశనగ ఉండలు చాలు. టీ కోసం ఫ్లాస్కు. వేడి చేసుకోక తప్పదనుకుంటే, అనుమతి ఉన్న చోట చిన్న గ్యాసు పొయ్యిని తడి ఇసుక మీద పెట్టి వాడండి.

మంచినీళ్లు దీవిలో దొరుకుతాయని అనుకోవద్దు. జనవరిలోనైనా మనిషికి నాలుగు లీటర్లు లెక్కన తీసుకెళ్లండి, పడవ ఆలస్యమైతే పనికొచ్చేలా మరో క్యాను పడవలోనే వదిలిపెట్టండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు ఉంచుకోండి. స్టీలు డబ్బాలు, అరటాకులు వాడితే తిరిగి మోయవలసిన చెత్త తగ్గుతుంది. అరటాకులను కూడా దీవిలో పారవేయకండి. తిండి వాసనకు కుక్కలు అలవాటుపడితే అవే రాత్రి తాబేలు గూళ్లను తవ్వుతాయి.

ప్రశ్న: పిల్లలు దీవిలో స్నానం చేయవచ్చా?

జవాబు: అఖాతం వైపు, మోకాలి లోతు వరకు, ఒక పెద్ద మనిషి నీటిలోనే నిలబడి ఉండగా చేయవచ్చు. సముద్రం వైపు వద్దు. అటు కెరటాలు విరిగి వచ్చిన నీరు ఇసుక తిన్నెల మధ్య సన్నని దారి చేసుకొని వేగంగా లోపలికి వెనుదిరుగుతుంది, ఆర్కే బీచిలో, యారాడలో ఏటా ప్రాణాలు తీస్తున్నది ఈ వెనుదిరిగే నీరే. చుట్టూ కెరటాలు విరుగుతుండగా మధ్యలో ఒక పాయ మాత్రం ప్రశాంతంగా కనిపిస్తే అది స్నానానికి మంచి చోటని పొరపడతారు. వెనక్కి లాగే దారి తరచు అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు మళ్లాలి. ఈత రానివారు చేతులెత్తి కేకవేసి, వెల్లకిలా తేలడానికి ప్రయత్నించాలి. రక్షించబోయిన తండ్రులు, అన్నలు చనిపోయిన సంఘటనలు మన తీరంలో చాలా ఉన్నాయి కాబట్టి, ఒడ్డున ఉన్నవారు ముందుగా తాడుగాని, ఖాళీ నీళ్ల క్యాను గాని విసరాలి. మూత బిగించిన ఇరవై లీటర్ల ఖాళీ క్యాను ఒక మనిషిని తేల్చి ఉంచుతుంది.

ప్రశ్న: విశాఖ నుంచి అండమాన్‌కు ఓడ ఉన్నదట కదా, ఆ దీవుల్లో ఇలా విడిది చేయవచ్చా?

జవాబు: ఓడ ఉన్నది, ప్రయాణం దాదాపు 56 గంటలు, నెలకు సుమారు ఒకసారి మాత్రమే బయలుదేరుతుంది గనుక తేదీలు ముందుగా తెలుసుకోవాలి. అక్కడ చాలా దీవుల్లో అనుమతి లేకుండా దిగడమే కుదరదు, కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. ఒక పగటి విడిదికి అది తగిన చోటు కాదు. వేరుగా, వారం పది రోజుల ప్రయాణంగా ఆలోచించండి.

ప్రశ్న: అక్కడ ఉండగా వాతావరణం మారిపోతే ఏం చేయాలి? బయలుదేరే ముందు ఎలా తెలుస్తుంది? (ఎంవీపీ కాలనీ)

జవాబు: బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వచ్చినప్పుడే ప్రయాణాన్ని వాయిదా వేయండి, అది వాయుగుండంగా మారేదాకా, రేవులో హెచ్చరిక నంబరు ఎగిరేదాకా ఆగనవసరం లేదు. కేంద్రం వందల కిలోమీటర్ల దూరాన ఉన్నా దాని కెరటాలు మన ఒడ్డుకు ముందే చేరతాయి. మత్స్యకారులు వేటకు వెళ్లవద్దని వాతావరణ శాఖ హెచ్చరించిన రోజు పర్యాటకులకూ సముద్రం మీద పనిలేదు. అడ్వాన్సు డబ్బు పోతుందన్న బెంగతో బయలుదేరే వారిని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. మాట్లాడుకొనేటప్పుడే, హెచ్చరిక ఉంటే తేదీ మార్చాలన్న షరతు రాయించుకోండి.

దీవి మీద ఉండగా ఆకాశం ఒక మూల నల్లబడి, గాలి ఒక్కసారిగా చల్లబడి దిశ మారితే, భోజనం సగంలో ఉన్నా లేచి సామాను సర్దండి. నిర్ణయం సరంగుదే కావాలి. ‘ఇంకో అరగంట’ అని అతన్ని బతిమాలవద్దు. అతను ఇప్పుడు దాటడం ప్రమాదమంటే మాత్రం దీవి మీదనే ఉండిపోండి. ఎత్తైన ఇసుక మీద, ఒంటరి చెట్టుకు దూరంగా అందరూ కలిసి కూర్చోవాలి. దీవి మీద ఫోను సిగ్నలు ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకుండా, ఇంటి దగ్గర ఒకరికి పడవ పేరు, ఎక్కిన రేవు, తిరిగి చేరవలసిన గంట రాసి ఇచ్చి వెళ్లండి. చెప్పిన గంటకు రెండు గంటలు దాటినా కబురు అందకపోతే వారు సముద్ర రక్షణ కోసం తీర రక్షక దళం నంబరు 1554కు గాని, మెరైన్ పోలీసుల నంబరు 1093కు గాని, లేదా 112కు గాని ఫోను చేయాలి.

ప్రశ్న: గుడారం ఇసుకలో నిలవడం లేదు. కిందటిసారి భీమిలి తీరాన గాలికి ఎగిరిపోయింది. మేకులు ఇంకా పొడవైనవి కొనాలా?

జవాబు: పొడవు పెంచినా పొడి ఇసుక మేకును పట్టి ఉంచలేదు. నాలుగు గుడ్డ సంచులు తీసుకెళ్లి ఇసుకతో నింపి, గుడారపు తాళ్లు వాటికి కట్టి, సంచులను ఇసుక పైనే ఉంచి ఇంకొంత ఇసుక కప్పండి, బరువే పట్టుకుంటుంది. పగటి విడిదికి మూసి ఉన్న గుడారం కంటే నాలుగు వెదురు కర్రల మీద వాలుగా కట్టిన టార్పాలిన్ చల్లగా ఉంటుంది, గాలి కూడా దూరిపోతుంది. వాలు గాలి వచ్చే వైపు ఉండాలి. చోటు ఎంచుకొనేటప్పుడు ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు వరుసగా పడి ఉన్న గీతను చూడండి. కిందటి పోటు నీరు అక్కడిదాకా వచ్చింది. దానికి కాస్త పైన వేసుకోవాలి. అయితే తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఆ గీతకు పైననే గనుక, అటవీశాఖ వాచర్ ఉంటే ఆయన చూపించిన చోటనే వేయండి, ఎవరూ లేకపోతే ట్రాక్టరు చక్రం జాడలాంటి గుర్తులు ఉన్న ఇసుకకు దూరంగా జరగండి. అది తల్లి తాబేలు పాకిన దారి, గూడు దాని చివరనే ఉంటుంది. సంచులను పాతిపెట్టకుండా ఇసుక పైనే ఉంచమనడం, మేకుల బదులు సంచులు వాడమనడం కూడా అందుకే.